పద్నాలుగో దరఖాస్తు

పోయిన సోమవారం పద్నాలుగో దరఖాస్తు ఇచ్చి వచ్చిన. మా అమ్మ గూడ వచ్చింది. ప్రతిసారీ వస్తది. లైన్ల నిలబడ్డప్పుడు నా చేతుల నుంచి కాయితం తీసుకొని, రెండు అరచేతుల నడుమ పెట్టుకొని, కండ్లు మూసి పెదవులు కదిలిస్తది. ముందటోళ్ళు, వెనుకటోళ్ళు తిరిగి చూస్తుంటరు. మొదట్ల నాకు సిగ్గయ్యేది. కాలేజీల పాఠం చెప్పేదాన్ని, తెలుగుల డాక్టరేట్ చేసినదాన్ని, ఏప్రిల్ 14 నాడు మైకు పట్టుకుంటే గంట దాక దిగనిదాన్ని. మా అమ్మేమో దరఖాస్తు మీద ప్రార్థన చేస్తది. ఇప్పుడు అలవాటైంది. ఆమె ప్రార్థన అయ్యేదాక లైను ముందుకు జరిగితే, వెనుకున్నోళ్ళను నేనే "ఒక్క నిమిషం అన్నా" అని ఆపుతున్న.

కాయితం తీసుకున్న సారు పైన రెండు లైన్లు చదివి తల ఎత్తిండు. "మళ్ళ ఇదేనామ్మా? ఇది పైకి పోయింది. మా చేతుల ఏం లేదు. పైన దేవుడున్నడు, అంతా మంచే జరుగుతది" అన్నడు. ముద్ర కొట్టిండు, రసీదు ఇచ్చిండు.

బయటికొచ్చి చెట్టు కింద కూసున్నం. అమ్మ సంచిల నుంచి సద్ది గిన్నె తీసి మూత విప్పుకుంట, "చెప్పేది చెప్పినం బిడ్డా. ఇగ దేవుడు చూసుకుంటడు" అన్నది.

పది నిమిషాల తేడాతోని ఒక్కటే మాట రెండు నోళ్ళ నుంచి విన్న. సారు అన్నప్పుడు ఒళ్ళు మండింది. అమ్మ అన్నప్పుడు మండలేదు. ఒకప్పుడైతే రెండింటికీ మండేది. ఈ వారం దాని గురించే రాద్దామనుకున్న.

సంగతేందంటే. సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద తిరుమలగిరి వస్తది. అక్కడ దిగి లోపలికి పోతే మా ఊరు. పేరు రాయను. నేను రాసి సూర్యాపేటల కూసుంట, రేపు బోరింగు కాడ మాటలు పడేది మా అమ్మ. మా మాదిగ గూడేనికి ఒక బొందలగడ్డ ఉన్నది, మా తాతల తాతలు అక్కడనే ఉన్నరు. దానికి పోయే బాట లేదు. ఇదే నా దరఖాస్తు. పద్నాలుగు కాయితాలల్ల ఉన్నది ఇంతే.

మా చిన్నప్పుడు ఆ బాట గురించి ఎవలూ ఆలోచించలేదు. అదంతా చెలక. కందులు, జొన్నలు, పెసర్లు. పంట లేనప్పుడు అడ్డంపడి పోయేటోళ్ళం, పంట ఉన్నప్పుడు గెట్టు మీది నుంచి పోయేటోళ్ళం. ఎవలూ ఏమనకపోదురు. తుంగతుర్తి, తిరుమలగిరి దిక్కంతా కరువు నేల. నీళ్ళు రావాలని అందరు మొక్కిన్రు, మేము గూడ మొక్కినం. ఎస్సారెస్పీ రెండో దశ కాలువల నీళ్ళు మా దిక్కు పారినప్పుడు మా అమ్మ చర్చిల నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆ నీళ్ళతోనే చెలకలు పొలాలైనయి. పొలానికి ఒడ్లు పెట్టిన్రు. బాట ఒడ్డుల కలిసింది. ఒడ్డు ఏడాదికింత సన్నబడ్డది. ఇప్పుడు ఒక మనిషి కాలు ముంగట కాలు పెట్టి నడువాలె. నలుగురు ఒక పెట్టె మోసుకొని ఎట్ల నడుస్తరు?

ఊరి నక్షల బాట ఉన్నది. నకలు నేనే తీసుకున్న, రెండు చుక్కల గీతలు సక్కగ బొందలగడ్డ దాక పోతయి. మొదటి దరఖాస్తు 2019ల ఇచ్చిన. ఒకసారి సర్వేయర్ వచ్చిండు. ఆసామి ఇంటి అరుగు మీద చాయ తాగిండు. "పంట మీద గొలుసు పడదు, కోతలైనంక వస్త" అన్నడు. కోతలైనంక పోతే యాసంగి నార్లు పోసిన్రన్నడు. కోతలకు నాట్లకు నడుమ ఎన్ని దినాలుంటయో వ్యవసాయం తెలిసినోళ్ళకు చెప్పాల్సిన పని లేదు. ఏడో దరఖాస్తుకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. నేను ఆ దినం ఊరికి పోయి చూసొచ్చిన. పచ్చగ నాటు ఉన్నది, పరిష్కారం కనబడలేదు.

2021ల దళితబంధుకు రాష్ట్రంల నాలుగు మండలాలను తీసుకున్నప్పుడు మా తిరుమలగిరి అందుల ఒకటి. చింతకాని, చారగొండ, నిజాంసాగర్ మిగతా మూడు. ఇంటికి పది లక్షలు. ఎన్నడూ రాని కార్లు మా గూడెంలకు వచ్చినయి, ఇంటింటికి తిరిగి పేర్లు రాసుకున్నరు. ఆ పథకం మంచిచెడ్డ ఇంకో వారం రాస్త. నాకు గుర్తున్నది ఒక్కటే. మా నాయిన ఒక ఆఫీసరు ఎనుకబడి పోయి, "సారూ, బతికినోళ్ళ సంగతి రాసుకున్నరు, సచ్చినోళ్ళది గూడ ఒక లైను రాసుకోండ్రి" అన్నడు. ఆ సారు నవ్విండు. నాయిన గూడ నవ్విండు.

మా నాయిన గురించి చెప్పకుంట ఇది ముందుకు పోదు.

ఊరికి సాటింపు సేసే పని మాది. మా తాత చేసిండు, నాయిన చేసిండు. డప్పును గడ్డిమంట మీద కాపి, ఎడమ చేతుల సిటికెన పుల్ల, కుడి చేతుల సిర్ర పట్టుకొని బొడ్రాయి కాడ మొదలు పెట్టేటోడు. రేపు పోలియో చుక్కలు. ఎల్లుండి చెరువు చేపల వేలం. కరెంటోళ్ళు వస్తున్నరు, బిల్లులు కట్టుండ్రి. నాకు ఏడెనిమిదేండ్లున్నప్పుడు వెంట పోయేదాన్ని. పెద్దోళ్ళ ఇండ్ల ముంగట అరుగుల మీద మనుషులు కూసొని పత్తాలాడుకుంట ఉండేది. నాయిన గొంతు పగిలేటట్టు అరిస్తే ఒక్కడు తల ఎత్తకపోవు. ముక్క ఏసి ముక్క తీసుకునుడు. అక్కడ ఒక మనిషి నిలబడి అరుస్తున్నడన్న సోయి గూడ లేకుండె.

ఒకనాడు అడిగిన. "నాయినా, ఎవలు ఇన్నరు?"

"నాకేం తెలుసు బిడ్డా."

"మరెందుకు సాటుతవు?"

"సాటకపోతే నా మీదికొస్తది. సాటినంక ఇనకపోతే వాళ్ళ మీదికి పోతది."

శానా ఏండ్లకు చర్చిల ఒక ఆదివారం పాస్టరు యెహెజ్కేలు గ్రంథంల కావలివాని సంగతి చెప్పిండు. కత్తి వస్తున్నదని చూసి కావలివాడు బూర ఊదకపోతే జనం రక్తం ఆయన మీదికి వస్తది, ఊదినంక జనం ఇనకపోతే వాళ్ళ ప్రాణానికి వాళ్ళే జిమ్మేదారు. నాయిన చర్చిలనే పెద్దగ నవ్విండు. ఇంటికొచ్చినంక "ఆ దేవుడు మా పని చూసి రాసిండే" అన్నడు. ఆ వారమంతా గూడెంల కనబడ్డోళ్ళకల్లా అదే చెప్పిండు.

అమ్మ మాత్రం నవ్వలేదు. "నలుపై ఏండ్లు ఊరోళ్ళ మాటలు సాటినవు. మనది ఒక్క మాట ఎన్నడన్న సాటినవా?" అన్నది. నాయిన మాట్లాడలేదు. ఆ సాటింపు వెట్టి పని. కల్లం కాడ ఇన్ని వడ్లు పోసేది, పండుగకు పాత బట్ట ఇచ్చేది. డప్పు మాది, గొంతు మాది, మాట మాది గాదు. 1994 జూలై 7 నాడు ప్రకాశం జిల్లా ఈదుముడిల మాదిగలు సంఘం పెట్టుకొని తమ ఉద్యమాన్ని దండోరా అన్నప్పుడు, ఆ పేరు ఎంత లోతు నుంచి వచ్చిందో మా ఇంట్ల ఎవలూ చెప్పకుండనే తెలిసింది. మొదటిసారి మా మాట మా డప్పు మీద. ఎంత మంది ఇన్నరు? 2000ల చట్టం వచ్చింది, 2004ల సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్ళ మొదటికి. 2024 ఆగస్టు 1 నాడు ఏడుగురు జడ్జీల బెంచి వర్గీకరణ చెల్లుతదన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల అమలైంది. లెక్క పెడితే ముప్పై ఏండ్ల పైన. దీని మీద మాల మిత్రులకు నాకు తేడా ఉన్నది, అది ఉండనీ. నేను చెప్పేది ఆ నడుమ ముప్పై ఏండ్ల గురించి. డప్పు కొట్టినోళ్ళు శానా మంది తీర్పు ఇనకుండనే పోయిన్రు. మా నాయిన గూడ.

నాయిన పోయింది మూడేండ్ల కింద, వానకాలంల. నాట్లేసి పదిహేను దినాలైంది. పెట్టె సూర్యాపేట నుంచి తెప్పించినం. పాస్టరు పాటలు పాడుదాం, డప్పు వద్దన్నడు. నాయిన జోడీలు ఇనలేదు. ఎనుక గడ్డి మంట పెట్టి డప్పులు కాపుకుంటనే ఉన్నరు. పాస్టరు మంచోడు, చూసి చూడనట్టు బైబిలు తెరిచిండు. అట్ల పాటా డప్పూ రెండూ నడిచినయి. మా నాయిన జీవితమంతా అట్లనే నడిచింది గనుక నాకు అది సరైందనిపించింది.

గూడెం దాటినంక మొదటి పొలం కౌలుది. పక్క ఊరి గొల్లాయన చేస్తడు. అక్కడికి పోయేసరికి మోసేటోళ్ళు ఆగిన్రు. ఒడ్డు పొంటి రెండు మూరల వెడల్పు నాటెయ్యకుండ ఇడిసిపెట్టి ఉన్నది. బురద గూడ తొక్కి గట్టి చేసి ఉన్నది. మాకు అర్థం గాలే. ఆయన ఆ చివర తువ్వాల చేతుల పట్టుకొని నిలబడి ఉండె. తర్వాత తెలిసింది. ఏడాది కింద నాయిన ఆ గట్టు మీద కూసొని ఆయనతోని బీడీ కాల్చుకుంట బాట సంగతి మాట్లాడిండట. అడగలేదట. ఊరికె కష్టం చెప్పుకున్నడట. "మీ నాయిన చెప్పిండు గదమ్మా, అందుకే ఇడిసిన" అన్నడు ఆయన. మేము ఆయనకు ఎన్నడూ ఒక్క కాయితం ఇయ్యలే. నాయిన మాకు ఈ సంగతే చెప్పలే. కౌలు కట్టే మనిషికి రెండు మూరల నేలంటే ఎన్ని వడ్లో ఆయనకే తెలుసు.

ఆ పొలం దాటితే ఆసామిది. ఆయన మనిషి గట్టు మీద నిలబడి "నాటు తొక్కకుండ్రి" అంటున్నడు. ఒడ్డు మీద ఒక్క మనిషే పడతడు. ముగ్గురు ఈ దిక్కు, ముగ్గురు ఆ దిక్కు, మోకాలు దాక బురదల దిగిన్రు. సగం పోయినంక మా తమ్ముడు జారిండు. పెట్టె ఒరిగింది. ఒక మూల నీళ్ళల్ల మునిగి లేచింది. డప్పు ఆగిపోయింది. ఎవలూ ఏడువలేదు, అందరు పెట్టెనే చూస్తున్నరు. అమ్మ బురదల దిగి, కొంగుతోని పెట్టె మూల తుడిచింది. "నడువుండ్రి" అన్నది.

మూడో నాడు ఆసామి నుంచి కబురొచ్చింది. తొక్కిన నాటుకు నష్టం. మూడు వేలు కట్టినం.

ఆ రాత్రి పదో దరఖాస్తు రాయనీకి కూసున్న. చేతులు వణుకుతున్నయి. అమ్మ మంచం మీద పండుకొని, "చెప్పేది చెప్పినం, ఇగ దేవుడు చూసుకుంటడు" అన్నది. పెన్ను ఇసిరికొట్టిన. "చూసిండు గదా! నాయిన పెట్టె బురదల పడుడు చూసిండు. ఏం చేసిండు?" అని అరిచిన. పక్కింటోళ్ళు లేచి వచ్చిన్రు. అమ్మ శానాసేపు పలుకలేదు.

"చూసిండు. నేను గూడ చూసిన. నువ్వు రాయి" అన్నది చివరికి.

ఆ దినం ఆ జవాబు నాకు ఎక్కలేదు. దేవుడు చూసుకుంటడు అన్న మాటకు మా కులాలల్ల ఒక చరిత్ర ఉన్నది. అది దొర గడీల నుంచి మొదలైతది. తలరాత, పూర్వజన్మ, పైవాడు రాసింది. కూలి అడిగితే పైవాడు, భూమి అడిగితే పైవాడు. ఫైలు గూడ పైకే పోతది, న్యాయం గూడ పైకే పోతది, కింద మిగిలేది మేము. నా అంబేద్కరైట్ మిత్రులు ఈ మాటకు నవ్వుతరు, వాళ్ళ నవ్వు న్యాయమైందే. బాబాసాహెబ్ 1930 మార్చి 2 నాడు నాసిక్‌ల కాలారాం గుడి ముంగట సత్యాగ్రహం మొదలు పెట్టిండు. ఐదేండ్ల దాక ఆ తలుపులు తెరువలే. 1935 అక్టోబరు 13 నాడు యేవలాల, హిందువుగ పుట్టిన గని హిందువుగ చావనని చెప్పిండు. ఫలితం దేవునికి అప్పజెప్పుతా అనలేదు.

కని 1936ల ఏం జరిగిందో నాకు ఎప్పుడూ గుర్తొస్తది. లాహోర్‌ల జాత్ పాత్ తోడక్ మండల్ తమ సభకు అధ్యక్షునిగ రమ్మన్నది. ఉపన్యాసం ముందుగాల్నే అచ్చు వేయించి పంపిండు. వాళ్ళకు నచ్చలేదు, కొన్ని మాటలు తీసెయ్యమన్నరు. ఆయన కామా గూడ మార్చనన్నడు. సభే రద్దయింది. అంటే ఇనుడు ఇనకపోవుడు దాక గూడ పోలేదు, మాట్లాడనే ఇయ్యలే. ఆయన చేతుల మిగిలింది సొంత పైసలతోని అచ్చేసిన 1500 కాపీలు. వాటిని జనంలకు ఇడిసిండు. రెండు నెలలల్ల అయిపోయినయి. అదే కులనిర్మూలన. లాహోర్ సభల ఎంత మంది కూసునేటోళ్ళు? ఆ మాట ఎన్నడూ లాహోర్ చూడని మా తిరుమలగిరికి గూడ వచ్చింది.

బాబాసాహెబ్ తన మాటను దేవునికి ఇయ్యలే, అచ్చుకు ఇచ్చిండు. నేను ఆయన బిడ్డనే. కని అచ్చుకు ఇచ్చినప్పుడు గూడ, అది ఎవల చేతులకు పోతదో ఎవల చెవుల పడతదో తెలువకనే ఇచ్చిండు గదా. ఆ తెలువకపోవుడును మా అమ్మ దేవుడు అంటది. బాబాసాహెబ్ ఆ పేరుకు ఒప్పుకోడు. నేను ఆ ఇద్దరి నడుమ నిలబడి ఉన్న, ఇంకా ఎటూ తేల్చుకోలేదు. సగం విశ్వాసిని.

ఒంగోలు సంగతి చూడండ్రి. అమెరికన్ బాప్టిస్టులు 1836ల తెలుగు దేశం దిక్కు వచ్చిన్రు, 1840 నుంచి నెల్లూరుల ఉన్నరు. ఏండ్లకేండ్లు బజార్లల్ల చెప్పుడే. ఇన్నోళ్ళు వేళ్ళ మీద లెక్క. 1853ల ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాల చర్చ జరిగింది. మ్యాపు మీద తెలుగు నేల మీద ఒక్కటే చుక్క ఉండె గనుక దానికి లోన్ స్టార్ అని, ఒంటరి నక్షత్రమని పేరు పడ్డది. 1854 జనవరి 1 పొద్దున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించిన్రు. ఇద్దరు దొరలు, జ్యూయెట్ ఆయన భార్య. మిగతా ముగ్గురు తెలుగోళ్ళు, అందుల జూలియా, రూతు అని ఇద్దరు ఆడోళ్ళు. మిషన్ చరిత్రల ఆ కొండ ప్రార్థన పెద్ద సంగతి. ఆ ఆడోళ్ళు ఏం ప్రార్థన చేసిన్రో నాకు తెలుసుకోవాలని ఉంటది.

ఆ మిషన్ ఎవలు ఇనాలని చూసింది? పెద్ద కులాలోళ్ళు ముందుగాల ఇంటే కిందికి దిగుతదనుకున్నరు. కని ఇన్నది ఎవలు? యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ళ బేరగాడు. అంతకుముందే యోగం నేర్చుకున్న మనిషి. బేరానికి ఏలూరు దిక్కు పోయినప్పుడు ఈ మాట ఆయన చెవుల పడ్డది. మిషన్ ఆయన కాడికి పోలేదు, ఆయనే ఎతుక్కుంట వచ్చిండు. 1866ల బాప్తిస్మం తీసుకున్నడు. ఆయన ఎంబడి ఊర్లకూర్లు మాదిగలు కదిలిన్రు. 1867ల ఒంగోలుల క్లాఫ్ దొరకు చిక్కొచ్చి పడ్డది. బళ్ళెకు బ్రాహ్మల పిల్లలు వస్తున్నరు, మాదిగలను చేర్చుకుంటే మేము లేచిపోతమన్నరు. క్లాఫ్, ఆయన భార్య వేరేవేరే గదులల్ల ఎటూ తోచక బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికల ఒక్కటే భాగం వచ్చిందని, బలహీనులను ఏర్పరచుకునుడు గురించి ఉన్న భాగం, క్లాఫ్ చెప్పుకున్నడు. బ్రాహ్మల పిల్లలు పోయిన్రు. మాదిగలు వచ్చిన్రు. కరువు దాటినంక 1878 జూలై 3 నాడు ఒక్క దినంల 2222 మందికి బాప్తిస్మం.

ఇది జ్యూయెట్ ప్రార్థనకు జవాబని మిషనరీ పుస్తకాలు రాస్తయి. నేను పేరయ్య దిక్కు నుంచి చదువుత. ముప్పై ఏండ్లు ఒకరి కోసం అన్న మాటను ఇంకొకరు పట్టుకున్నరు. అన్నోళ్ళకు ఆ మనిషి లెక్కల గూడ లేకుండె. మా గొల్లాయన లెక్కనే.

మా క్లాసుల ప్రతి ఏడు జాషువా గబ్బిలం చెప్పుత. 1941ల వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని భార్య కాడికి పంపిండు, జాషువా అరుంధతీ సుతుడు గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుని కాడికి పంపిండు. ఆయన పోలేని గుడిలకు అది పోగలుగుతది గనుక. రెండేండ్ల కింద ఒక పిల్లగాడు, ఎనుక బెంచీల కూసునేటోడు, ఎన్నడూ మాట్లాడనోడు, లేచి "మేడం, శివుడు ఇన్నడా?" అని అడిగిండు. క్లాసంతా నవ్వింది. నా దగ్గర పీహెచ్‌డీ ఉన్నది, ఆ ప్రశ్నకు జవాబు లేదు. "నువ్వు ఇన్నవు గదరా" అన్న. ఆ పిల్లగాడు సాయంత్రం స్టాఫ్ రూముకు వచ్చి, పుస్తకం ఇంటికి తీసుకపోవచ్చా అని అడిగిండు. ఇంకా తిరిగి ఇయ్యలేదు, నేనూ అడుగలే.

మొన్న చెట్టు కింద సద్ది తినుకుంట అమ్మను అడిగిన. "ఆ సారు గూడ నువ్వన్న మాటే అన్నడు. ఆయనకు నీకు తేడా ఏందే?"

అమ్మ నమిలేది ఆపింది. "ఆయన నన్ను ఇంటికి పొమ్మనుడుకు అన్నడు. నేను మళ్ళ వచ్చుడుకు అన్న" అన్నది. మళ్ళ కొద్దిసేపటికి, "నేను దేవునికి ఇచ్చింది పని గాదు బిడ్డా. బుగులు. అయితదో కాదో అన్న బుగులు ఇంటికి తీసుకపోతే నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే తెల్లారి కూలికి ఎట్ల పోత, నెలకు మళ్ళ ఈడికి ఎట్ల వస్త?"

నేను ఈ ఆరేండ్లు ఏం చేసిన్నో చెప్పుత. ప్రతి దరఖాస్తు ఇచ్చినంక నెల రోజులు ఫోను చూసుకునుడే. మెసేజ్ వచ్చిందా, సర్వేయర్ వచ్చిండా. రాకపోతే ఊరోళ్ళ మీద కోపం, మనోళ్ళ మీద కోపం, కలిసి రాని తమ్ముని మీద కోపం. పదకొండోది, పన్నెండోది నడుమ తొమ్మిది నెలల గ్యాప్ ఉన్నది. రసీదులు చూస్తే తెలిసింది. ఎవలూ ఇంటలేరని నేనే రాసుడు ఆపేసిన. అమ్మ ఆపలేదు. ప్రతి నెలా "రాసినవా?" అని అడిగింది. నేను అబద్ధం చెప్పిన. రాస్తున్న అన్న.

దీన్ని ఒప్పుకోవాలని ఇది రాస్తున్న. మైకు ముంగట పట్టు వదలొద్దని చెప్పేది నేను. వదిలింది నేను. దేవునికి వదిలిపెట్టినా అన్నామె వదలలే.

అట్లని అమ్మ మాట అన్నింటికీ పనికొస్తదని నేను అంటలేను. ఆమెకు గూడ కొన్ని రాత్రులు పట్టవు. వాన పడ్డప్పుడు లేచి కూసుంటది. గూడెంల ముసలోళ్ళు ఎవలన్న మంచాన పడితే, ఆమె ముందుగాల అడిగేది రోగం గురించి గాదు, "నాట్లు ఎప్పుడైనయి" అని. ఎండకాలంల పోతే బాగుండని ఆడోళ్ళు ఒకరితోని ఒకరు అనుకుంటరు. ఇది దేవుడు ఎట్ల చూసుకుంటడో నాకు తెలువదు.

ఆమెకు ఇష్టమైన కథ ఒకటున్నది. చదువు రాదు, పాస్టరు చెప్పంగ ఇన్నది. యిర్మీయా చెప్పుతుంటే బారూకు గ్రంథపు చుట్టల రాసిండు. అది యెహోయాకీము రాజు కాడికి పోయింది. చలికాలం, రాజు కుంపటి ముంగట కూసొని ఉన్నడు. చదివేటోడు మూడు నాలుగు భాగాలు చదివినప్పుడల్ల ఆ ముక్కను చాకుతోని కోసి కుంపట్ల ఏసిన్రు. చుట్టంతా అయిపోయేదాక. ఇనుడు గూడ ఇన్నడు, ఇనుకుంటనే కాల్చిండు. యిర్మీయా ఇంకో చుట్ట తీసుకున్నడు. బారూకు మళ్ళ మొత్తం రాసిండు. మొదటి దానిల లేని మాటలు గూడ కొన్ని కలిపి రాసిండు. అమ్మకు ఈ చివరిదే ఇష్టం. ఎన్ని సార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నవ్వుతది. కోపమొస్తే నన్ను "ఏందే బారూకూ" అంటది.

నిన్న రాత్రి ఫోను చేసింది. "పదిహేనోది ఎప్పుడు రాస్తవు?" అన్నది. ఇంకా వారం గూడ కాలేదే అన్న.

"సరే గని, ఈసారి ఒక మాట కలుపు."

"ఏం కలుపాలె?"

"ఆ గొల్లాయన ఇడిసిన రెండు మూరలు గూడ రాయి. కౌలు చేసెటోడు ఇడిసిండు, పట్టా ఉన్నోడు ఇడువలే అని రాయి. ఆయనను అడిగి రాయి, ఆయనకు ఇష్టం లేకపోతే పేరు వద్దు." కొద్దిసేపు ఆగింది. "మూడు వేలు కట్టిన సంగతి గూడ రాయి. అది ఒక్క దాంట్ల గూడ రాయలే నువ్వు."

నిజమే. సిగ్గుకు రాయలే. ఇప్పుడు రాస్తున్న.

జై భీమ్.